ఊడిపోయే పన్నే కదా

మా అన్నకు తెలియని విషయం భూమ్మీద లేదు. శామీర్‌పేటలో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కూతురి నోట్లో ఏ పన్ను ఎప్పుడొచ్చిందో మాత్రం చెప్పలేడు.

మా చిన్నప్పుడు పిల్లల పళ్ళకు డాక్టరన్న మాటే లేదు. నొప్పంటే అవ్వ లవంగం నొక్కేది. బుగ్గ వాస్తే మేడ్చల్ తీసుకెళ్ళి పీకించేవారు. అప్పుడంటే తెలియక, పోనీ అనుకోవచ్చు. ఇప్పుడు తూంకుంటలో వెంచరుకో పళ్ళ దవాఖానా ఉంది. మా పక్క కాలనీలోని కోస్తా వాళ్ళు ఆరు నెలలకోసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తారు. "పనిలేనోళ్ళు. మంచిగున్న పండ్లు గూడ సూపిచ్చుకుంటరు" అని మా అన్న వెక్కిరింత.

అలాంటి పెద్దమనిషినే పిల్లల పళ్ళ క్లినిక్ ప్రారంభానికి ముఖ్య అతిథిగా పిలిచారు. ప్లాట్ల వ్యాపారం, దాని మీద రాజకీయం మరి. రిబ్బను కత్తిరించి, ఎనిమిదేళ్ళ కూతుర్ని చేపల బొమ్మల కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి ఫొటో దిగాడు. ఆ తెరిచిన నోట్లోకి చూసింది డాక్టరమ్మ ఒక్కతే.

"సార్, కింద దవడ పన్ను పుచ్చుతోంది. ఈ వారంలో తీసుకురండి. ఫిల్లింగ్ చేస్తే నిలుస్తుంది."

"పాలపన్నే గదమ్మా. ఊడిపోయేదానికి సిమెంటెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన ఏమన్నా నవ్వడమే వాళ్ళ ఉద్యోగం. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది గానీ, ఆ నవ్వుల్లో కలిసిపోయింది.

"అన్నా, ఒక్కపారి సూపియ్యరాదు" అని చెవినిల్లు కట్టుకుని పోరాను. నేనే తీసుకెళ్తానంటే, "నా బిడ్డకు నేను లేనా? ఊకో చెల్లె" అని గుడ్లురిమాడు. ఫొటో మాత్రం ఫ్లెక్సీ అయి కరీంనగర్ రోడ్డు మీద వానలు పడేదాకా ఊగింది.

ఒకరోజు పిల్ల బడి నుంచి బుగ్గ వాచి, జ్వరంతో వచ్చింది. అప్పుడు పరుగెత్తాం. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. పన్ను విరిగి, వేరు దాకా పాడైందని, తీయక తప్పదని చెప్పింది.

"తీసెయ్‌రి. కొత్తది వస్తది గద" అన్నాడు మా అన్న.

"రాదు సార్. ఇది పాలపన్ను కాదు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక వచ్చే అసలు పన్ను. దీనికోసం ఏ పన్నూ ఊడదు, అందుకే చాలామంది పొరబడతారు."

"ఎంతైనా పెడత. మల్ల మొలిచేటట్టు జెయ్‌రి."

చెరువు పక్కన ప్లాట్లు మొలిపించినట్టే పన్నూ మొలుస్తుందనుకున్నాడు మహానుభావుడు.

తిరిగి వస్తుంటే కారులో పిల్ల నోట్లో దూదితో నా ఒళ్ళో పడుకుంది. "ఎనక పన్నేలే, నవ్వితే కనవడదు" అని ఆయన నాకే ధైర్యం చెప్పాడు.

మొన్నొక పెళ్ళి విందులో కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, మంచి మటన్ ముక్క ఏరి నోట్లో పెట్టాడు. అది పడిన వైపు పన్ను లేదు. పిల్ల నాలుకతో మెల్లగా రెండో వైపుకు తోసుకుని నమిలింది.

"మస్తున్నదా బిడ్డా?" అని అడిగాడు.

పిల్ల తలూపింది. ఆయన ముక్క వెనక ముక్క అదే వైపు పెడుతూనే ఉన్నాడు.