బంగారు పిట్ట

ఆత్మకూరులో మా ఇంట్లోనే నాకు సున్తీ చేశారు. ఇద్దరు మనుషులు కదలకుండా పట్టుకున్నారు. "అగో బేటా, పైన బంగారు పిట్ట!" అంది అమ్మీ. తలెత్తి చూశాను. పిట్టా లేదు, గిట్టా లేదు. నా అరుపు వీధి చివరిదాకా వినబడిందట. ఆ నొప్పి ఎప్పుడో మరిచిపోయాను గానీ, అమ్మీ అబద్ధం చెప్పిందన్న కోపం మాత్రం నాకు కొడుకు పుట్టాక కూడా చల్లారలేదు.

అందుకే వాడి వంతు వచ్చినప్పుడు ఇంట్లో ససేమిరా వద్దన్నాను. వనపర్తి దవాఖానాకే తీసుకుపోతానని పట్టుబట్టాను. "అబ్బాజాన్, నొస్తదా?" అని వాడు అడిగితే "నొయ్యనియ్య బేటా" అని మాటిచ్చేశాను. అది నా చేతిలో ఉన్న పనా!

మత్తు డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. పిల్లవాణ్ని నిద్రపుచ్చాక వీపు అడుగున ఒక సూది వేస్తారట. నడుము కిందంతా తిమ్మిరెక్కి, లేచాక కూడా చాలాసేపు నొప్పి తెలియదట. "కాళ్లు బరువుగ ఉంటయి, భయపడకండ్రి. ఒక్కణ్నే నడవనియ్యకండ్రి. తిమ్మిరి దిగకముందే నొప్పి మందు తాపాలె, ఏడ్చేదాక ఆగొద్దు," అంది.

సున్తీ అయ్యాక వాడు లేచాడు. ఏడవలేదు. బిస్కెట్ అడిగాడు. మా వెంట వచ్చిన అమ్మీ వాడి మొహంలోకి అనుమానంగా చూసి, "గిదేంది, అసలు చేసిండ్రా లేదా?" అంది. నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

సాయంత్రం ఇంట్లో వాడు మంచం మీద బొమ్మ లారీ తోలుకుంటుంటే నేను మందు సీసా తీశాను. అమ్మీ చెయ్యి అడ్డం పెట్టింది.

"నొప్పి లేనోనికి మందేందిరా? పసికడుపు, పరేషాన్ చెయ్యకు."

నిజం చెప్పొద్దూ, నాకూ అదే న్యాయంగా తోచింది. అయినా డాక్టరమ్మ మాట తలచుకుని, రాసిచ్చిన కొలత ప్రకారం తాపాను. ఇక ఎప్పుడు అరుస్తాడా అని వాడి పక్కనే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

కొంతసేపటికి వాడు కాళ్లు ఆడించాడు. తిమ్మిరి దిగింది.

"అబ్బాజాన్, జర మండుతుంది."

"మస్తుగనా?"

"లే, జరనే," అని మళ్లీ లారీ తోలాడు.

నాకు కన్నీళ్లు ఆగలేదు. పేరైనా అడగని ఆ డాక్టరమ్మ కోసం మనసారా దువా చేశాను. తర్వాత దొరికిందే సందని అమ్మీని దెప్పాను. "చూసినవా? పిట్టతోని పనే పడలే."

అమ్మీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గప్పుడు మా దగ్గర గా పిట్ట తప్ప ఇంకో మందు యాడుండె, బేటా?" అంది.