పిచ్చమ్మ బరకం

తిరువూరులో మా వీధి ఊరి చివర, నెమలి అనే ఊరికి వెళ్ళే దారి పక్కన ఉండేది. ఆ వీధిలో పిచ్చమ్మ పేరు చెబితే పెద్దవాళ్ళు కూడా కాస్త సర్దుకుని కూర్చునేవారు. ఆవిడ చెడ్డది కాదు. మనసులో ఉన్న మాట నాలుక మీదికి రాకుండా ఆపుకోవడం చేతకాని మనిషి, అంతే. ఎవరి పెళ్ళి భోజనంలో పప్పు మాడినా వియ్యపురాలి ఎదురుగానే అనేసేది. నేనీవేళ ప్రాణాలతో కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆవిడ చలవే. కాబట్టి ఎవరేమనుకున్నా సరే, ఆవిడ గురించి నేను మంచే రాస్తాను.

ఇది డెబ్బైనాలుగులో, ఫాల్గుణమాసంలో జరిగింది. అప్పటికి నేను పుట్టి వారం దాటిందో లేదో. కళ్ళారా చూసిందేమీ లేదు. మా అమ్మ సరోజిని చెప్పింది, మా తాతయ్య హనుమయ్య చెప్పింది, "అదేం కాదు, నేనట్లా అన్లేదు" అని మా అమ్మమ్మ మాణిక్యమ్మ కొట్టిపారేసింది, మూడూ కలిపి రాస్తున్నాను. అమ్మమ్మ కాదన్న చోటల్లా జరిగింది నిజమేనని నా గట్టి నమ్మకం.

పిచ్చమ్మది మా పక్కిల్లు. పిల్లల్లేరు. అంతకుముందు ఏడు భర్త పోయాడు. గంపలగూడెం నుంచి బావగారు ఆదిశేషయ్య వచ్చి, ఒంటరి ఆడదానివి వ్యవసాయం ఏం చేస్తావు, కౌలు వదిలేసి మా ఇంటికి వచ్చెయ్యి, మాతోపాటే ఇంత ముద్ద తిందువు గాని అన్నాడు. ప్రేమగానే అన్నాడట. కానీ ఆ ముద్ద తినాలంటే తెల్లారి లేచింది మొదలు తోడికోడలి కనుసన్నల్లో బతకాలని పిచ్చమ్మకి తెలుసు.

"ఒక్క పంట చూడండి బావగారూ. నా చేత కాకపోతే మీరు బండి తోలుకురండి, మారుమాట లేకుండా ఎక్కుతా" అంది. ఆయన సరేనని వెళ్ళాడు. ఆ ఒక్క పంటా మిరప.

నారు పోసిన దగ్గర్నుంచి కాయ కోసేదాకా ఆవిడ చేలోనే ఉంది. ఫాల్గుణం వచ్చేసరికి మా ఇళ్ళకి ఎదురుగా, మెట్ట మీద పేడతో అలికిన కల్లంలో కాయలన్నీ ఎర్రగా పరిచింది. ఎండబెట్టిన మిరపకాయ తడిసి ముక్కిందంటే తెల్లబడి తాలైపోతుంది, ఎందుకూ పనికిరాదు. అందుకని బెజవాడలో ఎవరినో పట్టుకుని లారీ సరుకు మీద కప్పే పాత బరకం ఒకటి సంపాదించి, బస్సు మీద వేయించుకుని తెచ్చుకుంది. మా వీధిలో ఉన్న బరకం అదొక్కటే. పెళ్ళి పందిరి మీద కప్పుకుంటామని ఎవరో అడిగితే, "మీ పెళ్ళి తడిస్తే ఆరుద్ది, నా కాయ తడిస్తే ఆరదు" అందట. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషని వీధంతా చెప్పుకున్నారు.

ఇక మా తాతయ్య సంగతి. తాటాకు ఇళ్ళు కప్పడం ఆయన పని. శివరాత్రి దాటిన దగ్గర్నుంచి ఆయనకి ఊపిరి సలిపేది కాదు. అందరి ఇళ్ళూ కప్పేవాడు, సొంత ఇంటి మాటెత్తితే "వచ్చే వారం" అనేవాడు. ఆ వచ్చే వారం రెండేళ్ళుగా రాలేదు. మా అమ్మ పురిటికి పుట్టింటికి వచ్చేసరికి, పడుకుని చుక్కలు లెక్కపెట్టుకోవచ్చే పిల్లా అని అమ్మమ్మ ఎత్తిపొడిచేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోవాలి. ఆ ఏడు పోయినట్టే పోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది. ఆదివారం పొద్దున ఎదుటి మనిషి కనపడనంత మంచు. మామిడి పూత మాడిపోతుందని తోటలున్నవాళ్ళు తలలు పట్టుకున్నారు. సోమవారం మధ్యాహ్నం రోహిణికార్తెను తలపించే ఎండ. మంగళవారం ఆ ఎండలోనే వాన. కుక్కకీ నక్కకీ పెళ్ళని పిల్లలు గంతులేశారు. ఆ పెళ్ళి అక్షింతలు మా ఇంటి కప్పులోంచి దిగి సరిగ్గా నా పక్క మీద పడ్డాయి.

అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయింది. "శనివారం పురుడు. విస్సన్నపేట నుంచి అల్లుడొస్తాడు. ఇంట్లో కూర్చోబెట్టి గొడుగు చేతికిస్తావా?" అంది తాతయ్యని. ఆ మాట ఆయనకి తగలరాని చోట తగిలింది.

బుధవారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మా వీధిలో ఇల్లు కప్పుకోవాలంటే ముందురోజే చెప్పాలి. ఇంటికొక మనిషి సాయం వస్తారు, రేపు వాళ్ళింటికి మనం వెళ్ళాలి. తాతయ్య ఎవరికీ చెప్పలేదు. ఇతరుల ఇంటి పాత కప్పు పీకేముందు నాలుగు దిక్కులూ చూసి, గాలి చూసి, చీమల దారి చూసి గాని చెయ్యి వెయ్యని మనిషి, సొంత ఇంటిది మాత్రం అమ్మమ్మ మొహం ఒక్కటే చూసి పీకేశాడు. అమ్మనీ నన్నూ వేపచెట్టు కింద నులకమంచం మీద పడుకోబెట్టి, చుట్టూ పాత చీర కట్టారు. మధ్యాహ్నం దాటినా ఇంటికి ఒక పక్క కూడా పూర్తికాలేదు.

అప్పుడు పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. దాని ముందు ఈదురుగాలి. అప్పుడే పేర్చిన తాటాకులు లేచి వీధి చివరిదాకా ఎగిరిపోయాయి. జనమంతా ఎవరి కల్లానికి వాళ్ళు పరిగెత్తారు. పిచ్చమ్మ అప్పటికే కాయలు కుప్పకి లాగి, బరకం కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టేసింది. ఇంటికి వస్తూ మా వైపు చూసింది. మంచం మీద బాలింత, ఒళ్ళో పసిగుడ్డు, వాసాలు తేలిన ఇల్లు.

"ఏందే మాణిక్యం, గుడ్లప్పగించి చూస్తన్నావు? పిల్లనీ పాపనీ మా ఇంట్లోకి తీసుకురా" అని కేకేసింది.

అమ్మమ్మ కదల్లేదు. పురుడు తీరకుండా బాలింత ఇంకొకరి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ మైల ఆ ఇంటికి చుట్టుకుంటుందని మావాళ్ళ భయం. "వద్దొదినా. అన్నయ్య పోయిన ఇల్లు. మా దోషం కూడా నీకెందుకు? ఏదన్నా జరిగితే నీ మొహం ఎట్లా చూసేది?" అంది.

"నా ఇంటికి ఇంకా జరగటానికి ఏం మిగిలిందే?" అంది పిచ్చమ్మ.

అయినా అమ్మమ్మ ఒప్పుకోలేదు. అమ్మ కూడా "నేను రానత్తా" అని తల అడ్డంగా ఊపింది. "అయితే మీ మడి కట్టుకుని మీరే తడవండి!" అని పిచ్చమ్మ విసురుగా వెనక్కి తిరిగి కల్లం వైపు వెళ్ళిపోయింది. బాలింతకి తడి తగిలి సన్నిపాతం కమ్మితే మనిషి దక్కదని అందరికీ తెలుసు. నా సంగతి చెప్పక్కర్లేదు. మొదటి చినుకులు పడగానే అమ్మ నన్ను కొంగులో చుట్టుకుని, మీదికి వంగి ఏడవడం మొదలుపెట్టింది.

తల ఎత్తి చూసేసరికి పిచ్చమ్మ తిరిగి వస్తోంది. బరకాన్ని రెండు చేతులా పట్టుకుని నేల మీద ఈడ్చుకొస్తోంది.

"పిచ్చమ్మా, నీ కాయ!" అన్నాడు తాతయ్య.

"కాయ సంగతి తర్వాత అన్నయ్యా. ముందు నువ్వా కొస పట్టు."

ఇద్దరూ దాన్ని వాసాల మీదికి లాగి నాలుగు మూలలా బిగించి కట్టారు. అమ్మని లోపలికి నడిపించారో లేదో వాన దంచేసింది. వెనకే వడగళ్ళు. నా మీద ఒక్క చుక్క పడలేదు. పిచ్చమ్మ మాత్రం లోపలికి రాలేదు. గోడవారగా నిలబడి కల్లం వైపు చూస్తూ ఉండిపోయింది. కుప్ప జారి, కాయలు వాననీళ్ళలో పల్లానికి కొట్టుకుపోతున్నాయి. ఆవిడ మాట్లాడకుండా ఉండగా చూడటం తాతయ్యకి అదే మొదటిసారట.

వాన వెలిసింది గాని మబ్బు విడవలేదు. పిచ్చమ్మ కొట్టుకుపోయిన కాయలు ఏరి మళ్ళీ కుప్పవేసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇంత వడగళ్ళవాన సంగతి గంపలగూడెం చేరకుండా ఉండదు, బావగారు బండి కట్టకుండా ఉండడు. అన్న మాట ప్రకారం ఎక్కాలి కదా.

గుమ్మంలోంచి ఆ సంచిని చూసింది మా అమ్మమ్మ. గంప తీసుకుని కల్లానికి వెళ్ళి, తడికాయలు నింపుకుని, మా వసారాలో పొయ్యి చుట్టూ పరిచింది. పురిటిల్లు కదా, మైల మాటేంటని ఎవరో అడిగితే, "మిరపకాయకి మైలేంటి నీ మొహం!" అందట. ఈ మాట మాత్రం తను అన్నానని అమ్మమ్మ చివరిదాకా ఒప్పుకునేది. అది చూసి ఎదురింటివాళ్ళొక గంప పట్టుకెళ్ళారు, ఆ పక్కవాళ్ళు ఇంకొకటి. పందిరికి బరకం దొరకనివాళ్ళు కూడా తీసుకెళ్ళారు. పొద్దుగూకేసరికి కల్లం ఖాళీ. వీధిలో ప్రతి పొయ్యి పక్కనా పిచ్చమ్మ మిరపకాయలే.

గురు, శుక్రవారాలు తుంపర ఆగలేదు. వీధివీధంతా ఒకటే దగ్గు, ఒకటే తుమ్ములు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పొలమారేది. బియ్యం చెరిగే ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు కారుస్తూ చెరిగారు. ఎవరింట్లో ఎవరు పోయారని దారినపోయేవాళ్ళు ఆగి అడిగారట. పిచ్చమ్మ ఇల్లిల్లూ తిరిగి "ఇట్లాగా తిరగేసేది? కాయ మాడిపోతంది!" అని అందరినీ తిట్టింది. ఆవిడ మళ్ళీ తిడుతోందని వీధి అంతా సంతోషించింది. తెరిపి ఇచ్చినప్పుడల్లా సాయానికి మనుషులొచ్చారు, తాతయ్య ఇల్లు కప్పడం పూర్తిచేశాడు. కాయల్లో కొన్ని తాలైపోయాయి. చాలావరకు ఎర్రగానే నిలిచాయి.

నాకు ఇప్పటికీ ఆ వీధిని తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. అందులో చాలామంది ఇప్పుడు లేరు.

శనివారం అమ్మకి పురిటిస్నానమైంది. మా నాన్న వచ్చి, తుమ్ముతూనే కూతురి మొహం చూశాడు. మైల తీరాక అమ్మ నన్నెత్తుకుని మొట్టమొదట వెళ్ళింది పిచ్చమ్మ ఇంటికి. ఆవిడ అరుగు మీద కూర్చుని తాలుకాయలు ఏరుతోంది.

"దగ్గరికి తేకే! నా చేతులు నిప్పుల్లా మండతన్నయ్. పసిదాని ఒంటికి తగిలిందంటే..." అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చేతులు పెట్టొద్దత్తా. ఒడి పట్టు చాలు" అని అమ్మ నన్ను ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టింది. ఆవిడ రెండు చేతులూ ఎడంగా గాలిలో పెట్టుకుని, బొమ్మలా బిగుసుకుని కూర్చుంది. నేను నిద్రపోయాను.

అప్పుడే గంపలగూడెం బండి వచ్చి ఆగింది. ఆదిశేషయ్య దిగుతూనే తుమ్మాడు. "పంట పోయిందని తెలిసిందమ్మా. ఎంత కష్టపడ్డా దేవుడు..." అంటూ మళ్ళీ తుమ్మాడు.

"పోయిందని ఎవరన్నారండీ? ఇదిగో, మా ఇంట్లో ఉంది" అంది మా అమ్మమ్మ వసారాలోంచి. "మా ఇంట్లో కూడా ఉందండీ" అన్నారు ఎదురింటివాళ్ళు. ఒక్కొక్క గుమ్మంలోంచీ ఒక్కొక్కరు తొంగిచూశారు.

ఆయన కళ్ళు తుడుచుకుని, గుమ్మం పక్కనున్న బట్టల సంచి చూశాడు. "సర్దుకునే ఉన్నావుగా. లే, పొద్దుండగా పోదాం" అన్నాడు.

పిచ్చమ్మ సంచి వైపు చూసింది. తర్వాత ఒడిలోకి చూసింది.

"ఎట్లా లేవను బావగారూ? పిల్ల నిద్రపోతంది."

"ఎవరి పిల్ల?"

"మా పిల్లే" అంది పిచ్చమ్మ.

లేచేదాకా ఉంటానని ఆయన అరుగు చివర కూర్చున్నాడు. మా నాన్న మంచినీళ్ళు ఇచ్చాడు. మా అమ్మ చెప్పేది నిజమైతే, ఆవేళ నేను పాలకి కూడా లేవలేదట. పొద్దు వాలింది. ఆదిశేషయ్య చివరిసారి తుమ్మి, పిచ్చమ్మని ఇంకేమీ అడగకుండా ఖాళీ బండి తోలుకుని వెళ్ళిపోయాడు.