మాట తెగిపోయిన ఏడు నిమిషాలు

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో శైలజ పదకొండేళ్లు పనిచేసింది. ఆమె పని వినడం. చెక్క చట్రం బిగించే ముందు ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి చూడాలి. మంచి పలక ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత చీలిక ఉన్నా ఆ మోత సగంలోనే చచ్చిపోతుంది. కంటికి కనిపించని ఆ చీలికను ఆమె చెవి పట్టేసేది. ప్లాస్టిక్ పలకలు వచ్చి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చెవులతో ఏం చేసుకోవాలో తెలియక రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది.

అప్పుడు దొరికింది డిజిటల్ రేడియో సర్వే పని. ఒక ప్రైవేటు ఏజెన్సీ తరఫున శివప్రసాద్ అనే ఆయన వచ్చి, గిద్దలూరు, కంభం, కనిగిరి వైపు పల్లెల్లో కొత్త రేడియో ఎట్లా పలుకుతోందో విని రాయాలన్నాడు. బాగుంటే అయిదు, అసలు రాకపోతే సున్నా. శైలజకు పని చిటికెలో పట్టుబడింది. పాత రేడియో దూరమయ్యేకొద్దీ గుర్రుమంటుంది, గరగరలాడుతుంది, అయినా మాట వెనకాల మాట వస్తూనే ఉంటుంది. కొత్తది అట్లా కాదు. వస్తే పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వస్తుంది. పోయేముందు నీళ్లలో మునిగినవాడి గొంతులా ఒక్క క్షణం బుడబుడలాడుతుంది. ఆ తరవాత ఏమీ ఉండదు. గరగర కూడా ఉండదు. ఆ నిశ్శబ్దం మొదట్లో ఆమెకు నచ్చేది కాదు. ఆగిపోయిన యంత్రంలా ఉండదది. ఎవరో మాట ఆపి, మనం ఏమంటామో వింటున్నట్టు ఉంటుంది.

గిద్దలూరు పడమట, కొండకింద పాతిక ఇళ్ల పాలెం ఒకటి ఉంది. అక్కడ చిన్నమ్మ అనే మేకల అవ్వ ఇంట్లో వారం రోజులు కొత్త రేడియో సెట్టు పెట్టాల్సి వచ్చింది. చిన్నమ్మకు అరవై దాటాయి. కూతురు మల్లి పక్కింట్లోనే ఉంటుంది. అవ్వ దగ్గర పాత రేడియో ఒకటి ఉండేది. శైలజ కొత్త సెట్టును దాని పక్కనే మంచం మీద పెట్టి రెండింట్లోనూ ఒకే స్టేషన్ పెట్టింది. పాతదాంట్లో ఎవరో ఒకాయన మిరప తోటల తెగులు గురించి ఒక మాట చెప్పాడు. నాలుగు సెకన్ల తరవాత కొత్తదాంట్లో అదే మాట వినిపించింది.

చిన్నమ్మ రెండింటి వంకా మార్చి మార్చి చూసింది. "ఎవురు పాపా ఈ రెండో ఆయన? మొదటాయన చెప్పిందే చెప్తుండాడు?"

"ఇద్దరూ ఒకరేలే అవ్వా. ఇందులో కొంచెం ఆలస్యంగా వస్తాది."

"ఎందుకాలస్యం? యాడ తిరిగొస్తాండాడు?"

శైలజ నవ్వి, సెట్టును ఎప్పుడూ ఆపొద్దని చెప్పి వచ్చేసింది. మాట ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో సెట్టులోని కార్డు తనంతట తానే రాసుకుంటుంది.

వారం తరవాత వెళ్లి కార్డు తెరిచి చూసింది. సాయంత్రం నాలుగూ ఇరవైకి మాట పోయింది. నాలుగూ ఇరవై ఏడుకు తిరిగొచ్చింది. ఒక రోజు కాదు, ఏడు రోజులూ అంతే. మిగిలిన పొద్దంతా ఎక్కడా తేడా లేదు. దగ్గర్లో మోటారు తిరిగితే రేడియోకు అడ్డొస్తుంది కాబట్టి, ఆ వేళకు బోరు మోటారు వేస్తున్నారేమోనని అడిగింది. ఆ వేళకు పాలెంలో మోటార్లకు కరెంటే ఉండదన్నారు. శివప్రసాద్‌కు ఫోన్ చేస్తే, "మీరే కూర్చుని చూడండి మేడం. ఏదో ఒకటి ఉంటుంది" అన్నాడు.

చిన్నమ్మను అడగబోతే, అడగకముందే ఆమె అంది. "నాకు తెలుసులే పాపా అది. మా మల్లి వాళ్ల నాయన వచ్చే యాళ."

మల్లి వాళ్ల నాయన పేరు పెద్దమల్లయ్య. రెండేళ్ల కిందట జీవాలు తోలుకుని కొండకు పోయాడు. ఆ రోజు జీవాలు పెందలాడే, వాటంతట అవే దిగి వచ్చాయి. ఆయన రాలేదు. ఫారెస్టువాళ్లు, ఊరివాళ్లు తొమ్మిది రోజులు వెతికారు. చెప్పు కూడా దొరకలేదు. దినం చెయ్యాలో వద్దో ఎవరికీ తోచక, చెయ్యకుండానే ఉండిపోయారు.

"నువ్వే చూస్తువుగానీ కూర్చో" అంది చిన్నమ్మ.

శైలజ గడప పక్కన కూర్చుంది. మంచి ఎండగా ఉంది. వాకిట్లో, తుమ్మ నీడన కొట్టి వేసిన ఆకును పదమూడు మేకలు నములుతున్నాయి. పాత రేడియోను ఆపేసి ఉంచారు. కొత్త సెట్టులో ఒకామె వాతావరణం చదువుతోంది. రాయలసీమలో అక్కడక్కడా అన్నది, ఆ 'డా' దగ్గర గొంతు తట్టుకుంది. డా, డా, డా అని నీళ్లలో మునిగినట్టు మూడుసార్లు పలికి తెగిపోయింది.

శైలజ వాచీ చూసుకుంది. నాలుగూ ఇరవై.

మేకలు నమిలే చప్పుడు ఆగిపోయిందని ముందు ఆమె చెవికే తెలిసింది. తలెత్తి చూస్తే పదమూడూ కొండదారి వైపే చూస్తున్నాయి. దారి ఖాళీగా ఉంది. దుమ్ము లేవలేదు, ఆకు కదలలేదు. కాసేపటికి ముందు నిలబడిన మేక పక్కకు జరిగింది. దాని వెనకది జరిగింది. మనిషి పట్టేంత సందు ఇచ్చి అన్నీ రెండు వైపులకూ సర్దుకున్నాయి. సందు వెంట వాటి తలలు మెల్లగా, ఒకే వేగంతో, వాకిలి దిక్కుకు తిరుగుతూ వచ్చాయి. వచ్చి, శైలజ కూర్చున్న గడప దగ్గర ఆగాయి.

ఆమె ఊపిరి బిగబట్టింది. పలకలు తట్టిన ఆ చెవులకు ఏమీ వినిపించలేదు. అడుగు చప్పుడు లేదు, దగ్గు లేదు. కానీ ఎడమ భుజం వైపు ఎండ తగలడం తగ్గింది. అటు చూడాలనుకుంది గానీ మెడ తిరగలేదు. చిన్నమ్మ మాత్రం ఆ దిక్కుకే ముఖం పెట్టి, ఒళ్లో చేతులు పెట్టుకుని, రేషన్ షాపు వరసలో కూర్చున్నంత మామూలుగా కూర్చుంది.

"...పిడుగులు పడే అవకాశం ఉంది" అంటూ సెట్టు ఒక్కసారిగా పలికింది. శైలజ ఉలిక్కిపడి గోడను పట్టుకుంది. మేకలు మళ్లీ ఆకులో మూతులు పెట్టాయి.

"ఈ పొద్దు కొంచెం దగ్గరికొచ్చినాడు. కొత్త మనిషివి కదా, ఎవురా అని చూసింటాడు" అంది చిన్నమ్మ.

శైలజ ఎడమ భుజాన్ని చేత్తో తడుముకుంది. "భయమేయదా అవ్వా?"

"ఆయన్ను చూసి భయమేంది? ముప్పై తొమ్మిదేండ్లు కాపురం చేసినా." చిన్నమ్మ లేచి సెట్టును గుడ్డలో చుట్టి శైలజ చేతిలో పెట్టింది. "అయితే దీన్ని తీసుకుపో తల్లీ. పాత రేడియో గుర్రుమంటాంటే ఏ యాళ వచ్చినాడో, వచ్చినాడో లేదో కూడా నాకు తెలియలా. పని చేసుకుంటి, తింటి, పండుకుంటి. ఇది వచ్చినాక గడియతో సహా తెలిసిపాయ. తెలిసినాక లేసి యాడికి పోయేది? నాలుగు దినాలాయ మేకల్ని కొండకు తోలి. పొద్దున లేసింది మొదలు దీని ముందరే కూర్చుంటాండా."



శైలజ సెట్టు తెచ్చేసింది. ఫారంలో కారణం అన్నచోట 'తెలియలేదు' అని రాసింది. శివప్రసాద్ ఒప్పుకోలేదు. "అట్లా రాస్తే ఎలాగ మేడం? మోటారు అని రాయండి."

"అక్కడ మోటారు తిరగలేదు సార్."

"మరేముంది?"

ఆమె ఫారం ఆయన ముందుకు జరిపింది. ఆయనే మోటారు అని రాసుకున్నాడు.

నాలుగు నెలలకు కంభం సంతలో మల్లి కనిపించింది. అమ్మ బాగుందని, రోజూ కొండకు పోతోందని చెప్పింది. "పాత రేడియో కూడా ఎవురికో ఇచ్చేసింది అక్కా. నాలుగు గంటల యాళకి ఇంట్లో ఉండదు. యాడికి పోయినా వాకిలి మాత్రం తీసిపెట్టి పోతాది. దొంగలు పడతారంటే వినదు."

శైలజ ఇప్పుడూ ఆ పనే చేస్తోంది. కనిగిరి వైపు పల్లెల్లో తిరుగుతోంది. ఎక్కడైనా మాట మధ్యలో తెగిపోతే వెంటనే అంకె వెయ్యదు. ముందు చుట్టుపక్కల గొడ్డూగోదా ఎటు చూస్తున్నాయో చూస్తుంది. అవి మేత మేస్తూ ఉంటే సున్నా వేసి, లేచి, తరవాతి ఊరికి బస్సెక్కుతుంది.