అక్షింతల పురుగు పిల్ల

నిడదవోలు స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. నా చొక్కా చేతి మీద నల్లటి ముళ్ల పురుగొకటి పాకుతుంటే దులపబోయాను.

"కొట్టకండి, కదలకండి!" అన్నారు పక్కనున్న పెద్దాయన.

ఫోనుకు చిన్న భూతద్దం తగిలించి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఊపిరి బిగబట్టి ఫొటోలు తీస్తుండగానే, ఆయన అంతసేపూ ఎదురుచూసిన భీమవరం పాసింజరు వచ్చింది.

"మీ బండండీ" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. బండి వెళ్లిపోయింది.

తర్వాత ఫోను చూపించారు. నల్లటి ఒంటి మీద నారింజ రంగు మచ్చలు, కాళ్లకు సన్నటి నూగు. అంత అందం నా చేతి మీద ఉందంటే నమ్మలేకపోయాను.

"అక్షింతల పురుగు పిల్లండి. పైరుకి పట్టే పేనుబంకని తినేస్తుంది."

"ఇవన్నీ ఎక్కడ చదివారండీ?"

"నాకు చదువేంటండి! ముప్పై ఏళ్లు కూలికి చేలల్లో మందు కొట్టాను. ఏది చస్తుందో ఎప్పుడూ చూళ్లేదు. ఇప్పుడు ఒక్కోదాన్నీ ఫొటో తీసి, మా వ్యవసాయం ఆఫీసరు గారిని పేరు అడుగుతున్నానండి."

పురుగును వేలి మీదికి ఎక్కించుకుని ప్లాట్‌ఫారం చివరున్న గన్నేరు దాకా నడిచారు. పేనుబంక పట్టిన కొమ్మను వెతికి మరీ వదిలారు.

మా పెరట్లో చిక్కుడు పాదుకు మందు కొట్టేముందు ఇప్పుడు నేను ఆకులన్నీ తిరగేసి చూస్తున్నాను. చాలాసార్లు డబ్బా మూత తీయకుండానే లోపలికి వచ్చేస్తున్నాను.