కడుపునొప్పి అన్న పిల్లాడు

“నాన్నా, నేను చచ్చిపోతానేమో.”

దర్జీ తల ఎత్తలేదు. “లెక్కల పరీక్ష రోజునే ఎందుకు చస్తార్రా మీరంతా?” అన్నాడు, మిషను తొక్కుతూనే.

వీధిలో అతని పేరు కత్తెర. ఆ పేరు పనికి కాదు, నోటికి వచ్చింది. నడుం కొలత తీసుకుంటూ ఎంత పెద్దమనిషి పొట్టనైనా నలుగురిలో ఏకిపారేసేవాడు. ఆ పూటా బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఇద్దరూ పగలబడి నవ్వారు. పద్నాలుగేళ్ళ కొడుకు కటింగ్ బల్ల పట్టుకుని వంగిపోయి, కడుపునొప్పి అన్నాడు. నిజానికి నొప్పి ఇంకా కింద. వాళ్ళ ముందు, గుండీలు కుడుతున్న అక్క ముందు వాడికి నోరు పెగల్లేదు. అంతలో సూటు గుడ్డ మీద వాంతి చేసుకున్నాడు. దర్జీ చెంప పగలగొట్టి, నాటకాలు చాలించమని బడికి తోలేశాడు.

పరీక్ష గదిలో కూలిపోతే మాస్టారే ఆస్పత్రిలో చేర్పించారు.

సాయంత్రం సర్జను దర్జీని పక్కకి పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. వృషణానికి రక్తం ఒక సన్నటి కాడలోంచి వెళ్తుంది. కొందరికి పుట్టుకతోనే వృషణం లోపల గట్టిగా అతుక్కుని ఉండదు. గిర్రున తిరిగితే కాడ మెలిపడి రక్తం ఆగిపోతుంది. “పొద్దున్నే తెస్తే మెలిక విప్పేవాణ్ణి. నల్లబడిపోయింది, తీసేశాను. రెండోది తిరగకుండా లోపల కుట్లు వేశాను.”

పిల్లలు పుడతారా అని అడిగాడు దర్జీ. ఆ ఒక్కటీ చాలన్నాడు సర్జను.

దర్జీ ఊపిరి పీల్చుకుని వార్డులోకి వెళ్ళాడు. కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఎక్కడ నొప్పో అప్పుడే ఏడవచ్చుగా.”

“చెబితే వాళ్ళని ఇంకా నవ్వించేవాడివి.”



ఆ కొడుకు ఇప్పుడు ఉద్యోగస్థుడు. అదే వీధిలో, ఎదురు షాపులో ప్యాంట్లు కుట్టించుకుంటాడు. తండ్రి తన షాపు అద్దాల్లోంచి చూస్తూ ఉంటాడు, ఆ దర్జీ ప్యాంటు కాళ్ళు వంకరగా కుడతాడని తెలిసి కూడా.

మగపిల్లాడున్న తండ్రి ఎవరొచ్చినా కత్తెర ఇప్పుడు జోకు వేయడు, ఒక మాట చెబుతాడు. మొన్న ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన ఒక కుర్రతండ్రికీ అదే చెప్పాడు. సైన్సు చదివినా ఈ సంగతి తెలియని ఆ తండ్రి, తన నాలుగేళ్ళ కొడుకు కడుపు పట్టుకున్నప్పుడల్లా ఇప్పుడు ఆ మాట ప్రకారమే చేస్తున్నాడు:

“కడుపునొప్పంటే ముందు అందర్నీ బయటికి పంపి తలుపెయ్యి బాబూ. లాగు విప్పి చూడు. వాచినా, ఒకటి పైకెక్కినా, ముట్టుకోనివ్వకపోయినా ఎవర్నీ అడక్కు, ఆస్పత్రికి ఎత్తుకుపో. ఏమీ లేకపోతే పోనీ, డాక్టరు నిన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ.”