పది నిమిషాల మేస్త్రి

రేవులో అందరూ అతన్ని పది నిమిషాల మేస్త్రి అనేవారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదది. చిన్న మోటారు బోట్లలో కరెంటు పని ఏదైనా సరే, మీటరు తీసి, రెండు చోట్ల ఆనించి, లోపం ఎక్కడుందో పట్టుకుని, పది నిమిషాల్లో బాగుచేసి చేతులు తుడుచుకునేవాడు. బోటువాళ్లకు అదే నచ్చేది కాదు. ఓస్ ఇంతేనా, ఈ మాత్రం మేమూ చేసుకునేవాళ్లం కదా అని మొహం చిట్లించేవారు. పక్క షెడ్డు మెకానిక్ బోటంతా విప్పి, సామాను ఒడ్డున పరిచి, నాలుగు రోజులు ఆపసోపాలు పడితే మాత్రం ఆయనకి కుర్చీ వేసి టీ ఇచ్చేవారు. పని తెలిసినవాడికి ఈ లోకంలో వేసే కుర్చీ ఉండదు మరి.

అతని పనితనాన్ని నమ్మిన మనిషి ఒక్కతే, అవతలి ఒడ్డున ఉండే అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. చిన్నప్పుడు అతను ఇంట్లో రేడియో విప్పి పడేస్తే, తండ్రికి అడ్డం వెళ్లి దెబ్బలు తాను తిని, వాడే మళ్లీ బిగిస్తాడు చూడండి అంది. బిగించాడు కూడా.

ఆ ఏడు ఆరు బోట్ల యజమాని ఒకాయన తన షెడ్డులో ఒక మేస్త్రిని శాశ్వతంగా పెట్టుకుంటానన్నాడు. నెల జీతం, నెత్తిన నీడ. యాభై దాటి, రేవు రాళ్ల మీద ఎండకీ వానకీ కూర్చుని నడుము పట్టేసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? ముందు ఒక బోటు ఇచ్చి పనితనం చూస్తానన్నాడు యజమాని. అవతలి ఒడ్డుకి మనుషుల్ని దాటించే బోటు అదొక్కటే, మిగతావి వేటకి పోయేవి. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, దీపాలు మసకబారడం, అంతే. కొత్త బ్యాటరీ వేశారు, స్టార్టరు మార్చారు, అయినా ఉలుకూ పలుకూ లేదు.

బయల్దేరుతుంటే భార్య గుమ్మం దగ్గర ఆపింది.

"ఈసారన్నా చేతులు కట్టేసుకోండి. మూడు రోజులు పట్టించండి. మీ పది నిమిషాల పనితనంతో మనం బాగుపడింది చాలు."

ఆమెనేమీ అనడానికి లేదు. ఇన్నేళ్లూ ఇల్లు ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే తెలుసు.

బోటెక్కి మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజనుకి ఆనించి తాళం తిప్పాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఎగిరి కూర్చుంది. బ్యాటరీ నుంచి వచ్చే నల్ల వైరును ఇంజనుకి బిగించిన బోల్టు కింద, ఉప్పునీటికి పచ్చగా చిలుము పేరుకుపోయింది. పైకి బిగువుగానే ఉంది, లోపల కరెంటు దాటడానికి దారి లేదు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగిస్తే సరి. గడియారం చూసుకున్నాడు. ఏడు నిమిషాలైంది.

బోల్టు ముట్టుకోలేదు. బల్లలన్నీ ఊడబెరికాడు, వైర్లన్నీ బయటికి లాగి ఒక్కోదానికీ చీటీ కట్టాడు, యజమాని వచ్చినప్పుడల్లా నుదురు పట్టుకుని నిట్టూర్చాడు. మొదటి రోజు సిగ్గేసింది. రెండో రోజు అలవాటైంది. మూడో రోజు, దాచడం ఎందుకు, బాగుంది. యజమాని స్వయంగా కుర్చీ తెప్పించి వేయించాడు.

ఆ మధ్యాహ్నమే బావ ఫోన్ చేశాడు. అక్కకి గుండెల్లో నొప్పి, తెడ్ల పడవలో వేసుకుని బయల్దేరాం, ఏదైనా చేసి ఎదురు రా అన్నాడు. అతను బోల్టు విప్పి, రుద్ది, బిగించాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. యజమాని శభాష్ అని భుజం తట్టి, తానూ తోడెక్కాడు. నీళ్ల మధ్యలో పడవ ఎదురైంది. తెడ్లవాళ్లు తెడ్లు పైకి తీసేసి ఊరికే కూర్చుని ఉన్నారు. అది చూడగానే అతనికి తెలిసిపోయింది.

బావ ఆమె తలని ఒళ్లోంచి దించలేదు.

"నొప్పి మొన్ననే మొదలైందిరా. పడవలో పోదామంటే వింటేనా? బోటు మా తమ్ముడి చేతిలో పడిందట, ఇంకెంతసేపు, ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తుంది, అందులోనే హాయిగా వెళ్దాం అంది. నీకు ఫోన్ చేస్తానంటే చెయ్యనివ్వలేదు. ఉద్యోగం వచ్చే వేళ, వాణ్ని కంగారు పెట్టొద్దంది."

యజమాని గొంతు తగ్గించి, అది మామూలు లోపం కాదండీ, ఈయన కాబట్టి మూడు రోజుల్లో పట్టుకున్నాడు, ఇంకొకడైతే వారం పట్టేది అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు పాపం. అతను పడవ తాడు అందుకుని బోటుకి కట్టాడు. ఏడో నిమిషంలోనే లోపం దొరికిందన్న మాట ఇక ఎన్నడూ బయటపెట్టలేదు, కట్టుకున్న భార్య దగ్గర కూడా.

నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడతన్ని పెద్దమేస్త్రి అంటున్నారు. బావ వారానికోసారి ఆ బోటులోనే ఇటు వస్తాడు. తిరిగి వెళ్లేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకి చెబుతాడు, మా బావమరిది మా ఆవిడ కోసం మూడు రోజులు ఈ బోటుతో కుస్తీ పట్టాడు, ఏం లాభం, అందుకోలేకపోయాడు అని. అతను ఆ మాట పూర్తిగా విని, తాడు విప్పి, బోటు పంపించేస్తాడు.