గంపలో బావి దిగిన పిల్ల ఎవరు?

నాయన తద్దినం దగ్గర పడుతుండగా మా చెల్లెలు ఫోన్ చేసి, ఈసారి తాను రానని చెప్పింది.

"ఏమయిందే?"

"నాయన నన్ను గంపలో కూర్చోబెట్టి బావిలోకి దింపి, ఆడనే వదిలేసి పోయినాడు. ఇన్నేండ్లూ గుర్తు లేదక్కా. ఇప్పుడొచ్చింది. ఆయనకు నేనెందుకు మొక్కాల?"

సంగతేమిటంటే, కొడుకు ఉండే అపార్ట్‌మెంటులో లిఫ్టు మధ్యలో ఆగి ఆమె అందులో ఇరుక్కుంది. అప్పటినుంచి లిఫ్టు చూస్తే వణుకు. కౌన్సెలింగ్ చేసే ఒకావిడ కళ్లు మూసుకుని చిన్నతనంలోకి వెళ్లమందట. కొన్నిసార్లు అలా వెళ్లాక బావి కనబడింది. పైన గుండ్రంగా ఆకాశం, చేతిలో తాడు.

మా వాళ్లకు పుట్టిన తేదీ కావాలన్నా, పెళ్లి జరిగిన ఏడు కావాలన్నా నన్నే అడుగుతారు. అందుకే లెక్క వేశాను. మా బావి ఎండిన ఏడు నేను మూడో తరగతి, చెల్లెలు ఉయ్యాలలో ఉంది. తరువాతి కరువు నాటికి ఊళ్లో చేతిపంపు వచ్చేసింది. కరువులో బావి అడుగున ఊరే నీళ్లను చెంబుతో కుండకెత్తడానికి తేలికపాటి పిల్లల్ని గంపలో దింపడం మా వైపు ఉన్నదే. అలా దిగింది నేను. అడుగున బురద చల్లదనం నా అరికాళ్లకు ఇప్పటికీ తెలుస్తుంది. నేను చెప్పగా చెప్పగా విని, చెల్లెలు అది తనదనుకుంది.

ఈ మాట అనగానే మండిపడింది. "అన్నీ నీకే జరిగినాయా? నా భయం కూడా నీదేనా?"

సైకాలజీ చదివే మా మనవరాలిని అడిగాను. "దీని మీద పెద్దపెద్దోళ్లే కొట్లాడుకుంటాండారవ్వా. తట్టుకోలేనిదాన్ని మనసు దాచిపెడుతుందని కొందరు, గుచ్చి గుచ్చి అడిగితే లేనిది కూడా గుర్తొస్తుందని కొందరు."

"మరి తేల్చేదెట్ల?"

"అప్పటి మనిషి ఎవరన్నా ఉంటే అడుగు."

ఉంది. మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, గోరంట్లలో. ఆమెకు చెవులు మందం, నోరు మాత్రం కాదు. చెల్లెల్ని బతిమాలి కారెక్కించాను.

చిన్నమ్మ చింతపండులో గింజలు తీస్తూ ఇద్దరి వాదనా విన్నది. తరువాత నవ్వబోయి దగ్గింది.

"మీ నాయన బావికి మెట్లుండె కదమే! మెట్లుండే బావిలోకి గంపలో ఎందుకు దింపుతారు?"

నిజమే. అది దిగుడుబావి. చిన్నప్పుడు రోజూ ఆ మెట్లు దిగి బిందె నింపుకొచ్చినదాన్ని నేను.

"గంపలో దిగింది నేను. మా ఊరి బావిలోకి మా నాయన, మీ తాత, దింపినాడు. మీరు సంగటి తినకుండా మారాం చేస్తాంటే ఈ కత చెప్తాంటి."

"నిన్ను ఆడనే వదిలేసి పోయినాడా?" చెల్లెలు ఆమె చెవి దగ్గరికి వంగి అడిగింది.

"వదిలేసేదేంది? తాడు లాగుతానంటే నేనే రానంటి! పైన నిప్పులు చెరిగే ఎండ, లోపల సల్లగా ఉండె. పైకొచ్చినాక వీపు సాపు చేసినాడులే."

"మరి నాకు లిఫ్టంటే భయమెందుకు చిన్నమ్మా?"

"లిఫ్టులో ఇరుక్కుంటివి కదమే. ఇంకేం కావాల?"

చెల్లెలు పడీపడీ నవ్వింది. నేను అంతగా నవ్వలేకపోయాను. అది నాది కాదని తెలిశాక కూడా అరికాళ్ల చల్లదనం పోలేదు, ఇప్పటికీ ఉంది. అలాగని ఏళ్లు గడిచాక నోరు విప్పేవాళ్లందరిదీ ఇలాంటి కథేనని అనను. నా పాదాల సంగతే నాకు తెలియనప్పుడు ఇంకొకరి మనసు గురించి తీర్పు చెప్పడానికి నేనెవరిని?

తద్దినం నాడు చెల్లెలు అందరికంటే ముందొచ్చి వంటింట్లో దూరింది. నాయనకు అలసంద వడలిష్టమని తాను, కాదు మినపవని నేను. చిన్నమ్మకు ఫోన్ చేసి అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. రెండూ వండి వడ్డించాం.